ఫ్యాన్స్ సెంటిమెంట్స్: టైటిల్‌లో మూడక్షరాలుంటే హిట్టేనా? అభిమానుల రాయని రూల్స్.. వాటి వెనకున్న అసలు లెక్క ఇదే!

కొత్త సినిమా పోస్టర్ వచ్చిందంటే మామూలు ప్రేక్షకుడు హీరో లుక్ చూస్తాడు. వీరాభిమాని మాత్రం హీరో చేతి వాచీలో టైమ్ ఎంతైందో చూస్తాడు. వెనకున్న బండి నంబర్ ప్లేట్ మీద అంకెలు కూడతాడు. ఆ కూడిక రిలీజ్ డేట్‌కి సరిపోతే డైరెక్టర్ జీనియస్.. సరిపోకపోతే తన కూడికే తప్పు! తెలుగు సినిమా అభిమానుల లోకంలో ఇలాంటి లెక్కలు, ఎక్కడా రాసిపెట్టని రూల్స్ బోలెడు. వాటిలో నిజమెంత? ఎందుకంత గట్టిగా నమ్ముతారు? ఓసారి చూద్దాం.

ఎవరూ రాయని రాజ్యాంగం

ఈ రూల్స్ ఎవరూ నేర్పరు. కానీ అందరికీ తెలుసు.

- హీరో ఎంట్రీ టైమ్‌లో కూర్చోకూడదు. వెనక సీటు పెద్దాయన "కూర్చో బాబూ, కనబడట్లేదు" అని ఎంత మొత్తుకున్నా సరే.
- ఎగరేసే పేపర్లు ఇంటి దగ్గరే చించి తెచ్చుకోవాలి. పక్కవాడిని అడగడం పరువు తక్కువ.
- మన హీరో సినిమా బాగోలేకపోతే మనం తిట్టుకోవచ్చు. పక్క హీరో ఫ్యాన్ తిట్టాడంటే మాత్రం అదే సినిమా "జనానికి అర్థం కాని క్లాసిక్" అయిపోతుంది.
- సినిమా ఎలా ఉందంటే నేరుగా చెప్పకూడదు. "ఫ్యామిలీస్‌కి ఎక్కుతుంది" అంటే ఫ్యాన్స్‌కి ఎక్కలేదని. "ఒకసారి చూడొచ్చు" అంటే రెండోసారి చూడలేమని. "బీజీఎం అదిరింది" అంటే.. మిగతావి అడగొద్దని!

మూడక్షరాల మ్యాజిక్

మహేశ్ బాబు అభిమానుల్లో బాగా పాపులర్ అయిన లెక్క ఒకటుంది. టైటిల్ మూడక్షరాలైతే హిట్టే అని. మురారి, ఒక్కడు, అతడు, పోకిరి, దూకుడు.. లిస్ట్ చూస్తే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. కానీ అతిథి, ఖలేజా, ఆగడు కూడా మూడక్షరాలే. అవి బాక్సాఫీస్ దగ్గర నిరాశపరిచాయి. 2015లో బ్లాక్‌బస్టర్ అయిన శ్రీమంతుడుకి నాలుగక్షరాలు. ఇక 2013 సంక్రాంతి హిట్ 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' అక్షరాలు లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు.

త్రివిక్రమ్‌కి 'అ' సెంటిమెంట్ కూడా ఇలాంటిదే. అతడు, అత్తారింటికి దారేది, అ ఆ, అరవింద సమేత, అల వైకుంఠపురములో.. అన్నీ 'అ'తోనే మొదలు. మరి 2018లో డిజాస్టర్ అయిన అజ్ఞాతవాసి మొదటి అక్షరం ఏంటి? అదీ 'అ'నే. జల్సా, జులాయి హిట్ అవ్వడానికి 'అ' అవసరం పడలేదు.

అంటే లెక్కకి సరిపోయినవి గుర్తుపెట్టుకుంటాం. సరిపోనివి మర్చిపోతాం. మనసు చేసే పాత ట్రిక్ ఇది. సంబంధం లేని విషయాల మధ్య సంబంధం కనబడటాన్ని 1958లో జర్మన్ మానసిక వైద్యుడు క్లాస్ కొన్రాడ్ 'అపోఫీనియా' అన్నారు. అప్పట్లో ఆయన చెప్పింది మానసిక రోగుల గురించి. తర్వాత ఆ మాటను మనందరికీ ఉండే ఈ అలవాటుకీ వాడుతున్నారు.

నిర్మాతలకీ ఈ నమ్మకాలు తక్కువేం కాదు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న వచ్చింది. వైజయంతీ మూవీస్‌కి ఆ డేట్ లక్కీ అయిపోయింది. మహానటి, మహర్షి కూడా అదే తేదీన వచ్చాయి. 'కల్కి 2898 ఏడీ'కి ముందు 2024 మే 9నే ప్రకటించారు. చివరికి జూన్ 27న వచ్చింది.. అయినా భారీ హిట్టే కొట్టింది.

జక్కన్న సెంటిమెంట్‌లో మాత్రం కొంచెం లెక్క ఉంది

రాజమౌళితో హిట్ కొట్టిన హీరోకి తర్వాతి సినిమా దెబ్బేస్తుందని ఇంకో నమ్మకం. సింహాద్రి తర్వాత ఎన్టీఆర్‌కి ఆంధ్రావాలా, మగధీర తర్వాత రామ్ చరణ్‌కి ఆరెంజ్, ఆర్ఆర్ఆర్ తర్వాత ఆచార్య.. ఉదాహరణలు గట్టిగానే ఉన్నాయి.

ఇది శాపం కాదండీ, సగటు లెక్క. ఇండస్ట్రీ హిట్ అనేది ఎప్పుడో ఒకసారి అన్నీ కలిసొస్తే వచ్చేది. ఆ తర్వాతి సినిమా మామూలు స్థాయిలో ఉండటమే సహజం. పైగా అంచనాలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి మామూలు సినిమా కూడా మరీ చిన్నగా కనిపిస్తుంది. సెంచరీ కొట్టిన బ్యాటర్ తర్వాతి మ్యాచ్‌లో ముప్ఫై కొట్టినట్టు అన్నమాట. 2024లో దేవర వసూళ్లు నిలబడటంతో "సెంటిమెంట్ బ్రేక్" అని ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు.

కట్టప్ప నేర్పిన పాఠం

ఓవర్ డీకోడింగ్‌కి ఆల్‌టైమ్ రికార్డ్ మాత్రం బాహుబలిదే. 2015 జులై 10న మొదటి భాగం వచ్చింది. రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో దాదాపు 22 నెలలు దేశమంతా ఒకటే ప్రశ్న.. కట్టప్ప ఎందుకు చంపాడు? అసలు బాహుబలి చావలేదని ఒకరు, చంపమని బాహుబలే అడిగాడని ఇంకొకరు. తీరా చూస్తే జవాబు సింపుల్. శివగామి ఆజ్ఞాపించింది, కట్టప్ప పాటించాడు. కట్టప్ప సింహాసనానికి బానిస అని మొదటి భాగంలోనే చెప్పేశారు. కానీ అంత తేలికైన జవాబు ఎవరికి కావాలి? ఆ 22 నెలల సరదా అంతా ఊహించుకోవడంలోనే ఉంది.

సరదా ఎక్కడ ఆగాలి?

అక్షరాలు లెక్కపెడితే ఎవరికీ నష్టం లేదు. కొన్ని రూల్స్ మాత్రం ప్రాణం మీదకి తెస్తాయి. "మన కటౌటే ఎత్తులో ఉండాలి", "ఎలాగైనా మొదటి షోనే చూడాలి" అనేవి అలాంటివే. 2020 సెప్టెంబర్‌లో కుప్పం దగ్గర శాంతిపురంలో హీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ కరెంట్ షాక్‌తో ముగ్గురు అభిమానులు చనిపోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర ఫ్లెక్సీ కడుతూ మరో ఇద్దరు బలయ్యారు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఓ తల్లి కన్నుమూసింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు.

అందుకే రాయని రూల్స్ జాబితాలో ఇంకో రెండు చేర్చుకుందాం. ఒకటి.. కరెంట్ తీగ కనబడిన చోట ఫ్లెక్సీ కట్టొద్దు. రెండు.. గేటు దగ్గర జనం ఒత్తుకుంటుంటే పిల్లలతో లోపలికి దూరకుండా వెనక్కి వచ్చేయాలి. సినిమా రేపు కూడా ఆడుతుంది. పేపర్లు ఎగరేయడానికి మనం ఉండాలి కదా!