గాలిలో మన వాటా



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ సారు కోరారు. నేను కూడా మీలాగే సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదువుకున్నవాణ్ణే. మా రోజుల్లో హాస్టలుకంతటికీ ఒక్కటే రేడియో ఉండేది. పొద్దున వార్తలు, సాయంత్రం పాటలు, ఆదివారం నాటిక. దాని చుట్టూ కూర్చోవడానికి స్థలం కోసం కొట్లాడుకునేవాళ్లం. కానీ మాలో ఒక్కడికి కూడా ఒక ప్రశ్న తట్టలేదు. ఈ పెట్టె మాట్లాడితే మనం వింటున్నాం, మరి మనం మాట్లాడితే ఎవరు వింటారు? రేడియోలో మాట్లాడే హక్కు ఎవరిది? అది ఎవరు ఇచ్చారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

తరంగాలకు నియమాలు ఎందుకు?

రేడియో తరంగాలు కాంతి వేగంతో, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అంత పౌనఃపున్యం. సెకనుకు పది లక్షల కంపనాలు ఒక మెగాహెర్ట్జ్. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 27 మెగాహెర్ట్జ్ అయితే సుమారు 11 మీటర్లు. ఈ లెక్క పదో తరగతి వాళ్లు ఇప్పుడే చేసి చూసుకోవచ్చు.

ఒకే చోట, ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా వినబడదు. సంతలో అందరూ ఒకేసారి అరిచినట్టు ఉంటుంది. అందుకే ఏ పౌనఃపున్యం ఎవరికి, ఎంత శక్తితో వాడాలి అని నియమాలు పెట్టారు. విమానాలకు ఒకటి, పోలీసులకు ఒకటి, సెల్‌ఫోన్లకు ఒకటి. ఇక్కడివరకు న్యాయమే. అసలు చిక్కు ఏమిటంటే, నియమాలు రాసేటప్పుడు సామాన్యుడి తరఫున అక్కడ కూర్చునేది ఎవరు?

లారీ డ్రైవర్ల రేడియో

సామాన్యుడి కోసమే ఉన్న రేడియో ఒకటుంది. దాని పేరు సిటిజన్స్ బ్యాండ్, అంటే పౌరుల బ్యాండ్. ఇది 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పరీక్ష అవసరం లేదు. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. కొన్ని కిలోమీటర్ల వరకు వినబడుతుంది.

అమెరికాలో 1973లో చమురు కొరత వచ్చింది. డీజిల్ దొరకలేదు, రోడ్ల మీద వేగాన్ని గంటకు 55 మైళ్లకు తగ్గించారు. అప్పుడు లారీ డ్రైవర్లు ఏ బంకులో డీజిల్ ఉందో ఈ రేడియోలోనే ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్లను చూసి లక్షలాది జనం సెట్లు కొన్నారు. లైసెన్సుల కాగితాలు మోయలేక, అక్కడి ప్రభుత్వమే దారికి వచ్చింది. 1977లో ఛానళ్లను 23 నుంచి 40కి పెంచింది. 1983లో లైసెన్సు అవసరమే తీసేసింది.

బ్రిటన్‌లో మాత్రం ఇది నేరంగా ఉండేది. అక్కడి ఔత్సాహికులు క్లబ్బులు పెట్టుకున్నారు, ఊరేగింపులు చేశారు, పార్లమెంటు సభ్యులకు వినతిపత్రాలు ఇచ్చారు. చివరకు 1981 నవంబరు 2న ప్రభుత్వం దానిని చట్టబద్ధం చేసింది. అయితే వాళ్లు అప్పటికే వాడుతున్న రకాన్ని కాకుండా వేరే రకాన్ని అనుమతించింది. అడిగినదంతా రాలేదు గానీ, అడగడం వల్లే తలుపు తెరుచుకుంది.

మన దేశంలో కూడా 2005లో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్ల లోపు శక్తి గల సెట్లకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం ప్రకటించింది. 2018లో 446 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న వాకీటాకీలకు కూడా ఇటువంటి మినహాయింపు వచ్చింది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ప్రతి వాకీటాకీ ఈ కోవలోకి రాదు. పోలీసుల, విమానాల పౌనఃపున్యాల మీద కూడా మాట్లాడగల సెట్లు కొన్ని అమ్ముతుంటారు. వాటిని లైసెన్సు లేకుండా వాడితే నేరం. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు నోటీసులు ఇచ్చి, మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. కాబట్టి సరదాకు కూడా తెలియని సెట్టు కొనకండి.

హామ్ రేడియో

పరీక్ష రాసి లైసెన్సు పొంది, సొంత స్టేషన్ పెట్టుకునే ఔత్సాహికులను హామ్‌లు అంటారు. ప్రతి హామ్‌కు ప్రపంచంలో మరెవరికీ లేని ఒక గుర్తు పేరు ఇస్తారు. మన దేశం వాళ్లవి వీయూ అక్షరాలతో మొదలవుతాయి. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు ప్రసారం చేయకూడదు. ప్రయోగాలు చేయవచ్చు, ప్రపంచమంతా స్నేహం చేయవచ్చు, ఆపదలో ఆదుకోవచ్చు.

రాజీవ్ గాంధీ కూడా హామే. ఆయన గుర్తు పేరు వీయూ2ఆర్‌జీ. 1980లలో హామ్ పరికరాల మీద దిగుమతి సుంకం మినహాయించాక మన దేశంలో హామ్‌ల సంఖ్య వేగంగా పెరిగింది. సమస్య తెలిసినవాడు అధికారంలో ఉంటే నియమం ఎంత తొందరగా మారుతుందో ఇది చెబుతుంది. కానీ ప్రతిసారీ ప్రధానమంత్రి హామ్ కాడు కదా! అందుకే సంఘం కావాలి. దేశంలోని హామ్‌లకు అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. అంతర్జాతీయ హామ్ సంఘంలో మన దేశం తరఫున అదే సభ్యురాలు. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో శిక్షణ ఇస్తూ వచ్చింది.

ఒకప్పుడు మోర్స్ కోడ్, అంటే కట్ట కడ భాష, రాకపోతే హ్రస్వ తరంగాల మీద హామ్‌కు చోటు ఉండేది కాదు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం ఆ నిర్బంధాన్ని తొలగించి, నిర్ణయం ఆయా దేశాలకు వదిలేసింది. ఇప్పుడు మన దేశంలో రెండు తరగతుల లైసెన్సులు ఉన్నాయి. మొదటిదైన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. రేడియో సిద్ధాంతం, నియమాలు, ఈ రెండింటిలో పాసైతే చాలు. కనీస వయస్సు 12 సంవత్సరాలు. అంటే మన హాస్టల్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కూడా అర్హులే!

దీని విలువ ఆపద వచ్చినప్పుడు తెలుస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్ సంస్థ తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌లోని పోర్టు బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు మూగబోయాయి. ఆ బృందం తమ సరదా కార్యక్రమాన్ని ఆపి, అదే సెట్టుతో ద్వీపాల నుంచి క్షేమ సమాచారాలను బయటి ప్రపంచానికి చేరవేసింది.

పస్తాపూర్ మహిళల పోరాటం

ఇప్పుడు మనకు అన్నిటికంటే దగ్గరి కథ. జహీరాబాద్ ప్రాంతంలో, అప్పటి మెదక్ జిల్లాలో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. సభ్యులలో అత్యధికులు దళిత మహిళలు, చిరుధాన్యాలు పండించే చిన్న రైతులు. మా విత్తనాల గురించి, మా పండుగల గురించి, మా భాషలో మేమే మాట్లాడుకుంటాం, మాకు రేడియో కావాలి అని వాళ్లు అడిగారు.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు మన తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు. తీర్పు వచ్చింది గానీ గ్రామీణ మహిళలకు లైసెన్సు రాలేదు. 1998లో యునెస్కో సాయంతో మాచునూరులో స్టూడియో సిద్ధమైంది. ప్రసారానికి అనుమతి లేదు. అయినా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి, ఊరూరా సంఘాల సమావేశాల్లో వినిపించారు. అలా ఒకటి కాదు, రెండు కాదు, పదేళ్లు! 2000 సంవత్సరంలో పస్తాపూర్‌లోనే దేశం నలుమూలల వాళ్లు సమావేశమై ప్రజల రేడియో కోసం ఒక ప్రకటన చేశారు.

2002 చివర్లో విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి వచ్చింది. 2006 నవంబరులో విధానం మారి స్వచ్ఛంద సంస్థలకు కూడా తలుపు తెరిచారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మోగింది. ప్రారంభించినది జస్టిస్ సావంత్ గారే. రేడియోను నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. 100 వాట్ల శక్తి, చుట్టూ సుమారు 25 కిలోమీటర్లు. కొలతకు చిన్నదే, కానీ దేశంలో దానికి తోవ పడినది మాత్రం ఆ మహిళల పట్టుదల వల్లే.

మన జిల్లాల సంగతి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో గోదావరి, ప్రాణహిత, కడెం నదులు పారుతున్నాయి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు ప్రమాదపు అంచుకు వచ్చింది, దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. మంథనిలోకి నీళ్లు వచ్చాయి. అటువంటి రాత్రి కరెంటు పోతుంది, టవర్ల బ్యాటరీలు అయిపోతాయి. ఏజెన్సీలో మామూలు రోజుల్లోనే సిగ్నల్ సరిగా అందని గూడేలు ఉన్నాయి. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి భాషలో కూడా వినిపిస్తుంది, అది మనకు గర్వకారణం. కానీ గూడెం నుంచి కబురు బయటికి పంపాలంటే రేడియో వినడం చాలదు, మాట్లాడగలగాలి. కారు బ్యాటరీతో నడిచే ఒక్క హామ్ సెట్టు ఆ పని చేయగలదు.

మరి మన హాస్టళ్ల నుంచి హామ్‌లు ఎందుకు రావడం లేదు? తెలివి లేక కాదు. ఇటువంటిది ఒకటుందని చెప్పేవాళ్లు లేక. సెట్టు కొనే స్తోమత లేక. ఈ రెండూ తీరే సమస్యలే. నియమాల ప్రకారం విద్యాసంస్థలు, క్లబ్బులు ఉమ్మడి స్టేషన్‌కు లైసెన్సు తీసుకోవచ్చు. అంటే ఒక్క సెట్టు వందమందికి సరిపోతుంది.

ఎవరిని అడగాలి? వైర్‌లెస్ అనేది రాజ్యాంగంలో కేంద్ర జాబితా అంశం. కాబట్టి నియమాల గురించి మన పార్లమెంటు సభ్యులకు, కేంద్ర టెలికాం శాఖకు రాయాలి. విపత్తుల సంగతి అయితే జిల్లా కలెక్టరు గారికి రాయాలి, ఎందుకంటే 2005 చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఆయనే అధ్యక్షులు. మనం అడగవలసినవి నాలుగు.

1. హామ్ పరీక్షకు తెలుగులో పాఠ్యపుస్తకం.
2. జిల్లా కేంద్రంలోనే పరీక్ష రాసే వీలు.
3. సంక్షేమ వసతి గృహాల విద్యార్థులకు ఫీజు రాయితీ, వేసవి శిక్షణ.
4. వరద ముంపు మండలాలలో, ఏజెన్సీ మండలాలలో ఒక్కొక్క ఉమ్మడి స్టేషన్.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో ఒక మాట ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రజల తరఫున స్పెక్ట్రమ్‌కు యజమాని అని. తరఫున అనే ఆ మాటను గట్టిగా పట్టుకోండి. అసలు యజమానులం మనమే.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1920లో తన మొదటి పత్రికకు మూక్‌నాయక్ అని పేరు పెట్టారు. మూగవారి నాయకుడు అని దాని అర్థం. మనవాళ్లు పుట్టుకతో మూగవాళ్లు కారు, మాట వినిపించే సాధనం చేతిలో లేక మూగవాళ్లయ్యారు. మాచునూరు అక్కలు పదేళ్లు క్యాసెట్లతో కాలం గడిపి ఆ సాధనం సంపాదించారు. మీకు అంత కాలం పట్టకూడదని నా కోరిక. వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్ నుంచి ఒక్కరైనా వీయూ అనే గుర్తు పేరుతో గాలిలోకి పలకాలి. అవతలి నుంచి ఎవరో ఒకరు తప్పక బదులిస్తారు.

— ఒక పూర్వ విద్యార్థి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు