మీకు తెలుసా? గొడుగు మీద ఆరిన పావడాలు

పాత హాలీవుడ్ సినిమాల్లో అమ్మాయి గిర్రున తిరిగిందంటే గౌను గొడుగులా విచ్చుకుంటుంది. 1950ల నాటి ఆ పార్టీ గౌన్ల మీద మోజు ఇంకా తీరలేదు. పాతవి వెతికి కొనేవాళ్లున్నారు, అదే తీరులో కొత్తవి కుట్టించుకునేవాళ్లూ ఉన్నారు. నా కన్ను మాత్రం గౌను మీదకన్నా దాని కింద ఉన్నదాని మీదే.

• ఆ గౌను తనంతట తాను అలా నిలబడదు. కింద నైలాన్ నెట్టు పావడాలు ఒకదాని మీద ఒకటి రెండు మూడు వేసుకునేవాళ్లు. ఉతికాక మెత్తబడితే, మనం చీరకు గంజి పెట్టినట్టు, పంచదార నీళ్లలో ముంచి తెరిచిన గొడుగు మీద పరిచి ఆరబెట్టేవాళ్లు. ఆరితే అట్టలా బిగిసేది. డాన్సు హాల్లో చెమట పట్టిందా, ఇక జిగురే జిగురు! మన టైలర్లు పిల్లల గౌన్లకూ లెహంగాలకూ లోపల వేసే ‘క్యాన్‌క్యాన్’ దీని చెల్లెలే.

• ఆ పావడా పేరు క్రినొలిన్. ఫ్రెంచిలో ‘క్రిన్’ అంటే గుర్రపు వెంట్రుక. 19వ శతాబ్దంలో నిజంగానే ఆ వెంట్రుకలు కలిపి నేసిన గుడ్డతో కుట్టేవారు.

• ఆ గౌన్ల గుండ్రటి కోతనే మన దర్జీలు ‘అంబ్రెల్లా కట్’ అంటారు. దాని లెక్క చూడండి. నడుము 24 అంగుళాలైతే గుడ్డ మధ్యలో నాలుగంగుళాలకు కాస్త తక్కువ వ్యాసార్ధంతో కంత కొయ్యాలి. పొడవు 28 అంగుళాలు పెడితే కింది అంచు చుట్టుకొలత 200 అంగుళాలు, అంటే అయిదున్నర గజాలు. ఆరు గజాల చీరకు అర గజమే తక్కువ. నడుము దగ్గర ఒక్క కుచ్చైనా ఉండదు.

• ఇంత గుడ్డ మీద అంత ఆశ ఎందుకంటే, అంతకుముందు కరువు. బ్రిటన్‌లో 1941 నుంచి 1949 దాకా బట్టలకు రేషన్. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు, ఒక్క ఊలు గౌనుకే 11 పోయేవి. ఆ రేషన్ ఇంకా నడుస్తుండగానే 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో డిజైనర్ క్రిస్టియన్ డియోర్ సన్న నడుము, నిండు స్కర్టు చూపించాడు. దుబారా అని తిట్టినవాళ్లు తిట్టారు. అమ్మాయిలు మాత్రం వదల్లేదు.

• అదే ఏడాది అమెరికాలో జూలీ లిన్ షార్లాట్ అనే గాయనికి క్రిస్మస్ పార్టీకి కొత్త గౌను లేదు, చేతిలో డబ్బు లేదు, కుట్టు పనీ రాదు. పెద్ద పన్నా ఫెల్టు గుడ్డ తీసుకుని గుండ్రంగా కత్తిరించింది. ఫెల్టుకు పోగులూడవు, అంచు మడవక్కర్లేదు. తర్వాత దాని మీదకు పూడుల్ జాతి కుక్కబొమ్మలెక్కి పూడుల్ స్కర్టు అయింది.

• పల్లెటూరి పిల్లల సంగతి వేరు. అమెరికాలో 1930లు, 40లలో పిండి, దాణా బస్తాల మీద పూలు అచ్చువేసేవారు, ఇంట్లో గౌన్లు కుట్టుకుంటారని తెలిసే. పెద్దవాళ్ల గౌనుకు సుమారు మూడు బస్తాలు. ఒకే పువ్వున్నవి దొరకడమే పాట్లు.

• కొత్త పట్టు పరికిణీ చేసే గరగర చప్పుడుకు ఇంగ్లీషులో ‘స్క్రూప్’ అని పేరుంది. పట్టును పలచని ఆమ్లంలో ముంచితే ఆ చప్పుడు ఇంకా పెరుగుతుంది.

• పాత గౌను దొరికితే ముందు జిప్పు చూడండి. ఎడమ పక్క లోహపు జిప్పుంటే చాలావరకు 1960లకు ముందుదే. పిల్లల గౌనైతే తర్వాత కింది అంచు తిరగేయండి. పిల్ల ఎదుగుతుందని లోపలికి మడిచి కుట్టి, ఏటేటా విప్పినచోట పాత మడత గీత ఇంకా కనిపిస్తుంది. ఆ గీతకు కింద రంగు కొత్తగానే ఉంటుంది.