పెళ్ళయినవాళ్ళు ఓడెక్కితే...!

సినిమాలో ఓడ ప్రయాణం ఎవరి కోసం? ముక్కూ మొహం తెలియని ఇద్దరి కోసం! ఆమె ఒక మెట్టు దిగుతుంది, అతను ఒక మెట్టు ఎక్కుతాడు, చూపులు కలుస్తాయి. ఇంకేముంది, మూడో రీలుకల్లా పాట!

1957లో వచ్చిన 'యాన్ ఎఫైర్ టు రిమెంబర్' చూశారా? కేరీ గ్రాంట్, డెబొరా కెర్ ఓడ మీదే పరిచయమవుతారు. 1999లో ఆమిర్ ఖాన్, మనీషా కొయిరాలా నటించిన హిందీ 'మన్'కి ఆధారం ఆ కథే. ఇక 1997 నాటి 'టైటానిక్' సంగతి మీకు నేను చెప్పేదేమిటి! జాక్, రోజ్‌ల పేర్లు మన పల్లెటూళ్ళలో కూడా తెలుసు.

మరి ఓడ కదలకముందే పెళ్ళయిపోయినవాళ్ళ మాటేమిటి? వాళ్ళ మీద సినిమాలు తక్కువ. 2015లో జోయా అఖ్తర్ తీసిన 'దిల్ ధడక్‌నే దో'లో అనిల్ కపూర్, షెఫాలీ షా ముప్ఫయ్యో పెళ్ళిరోజని అందర్నీ ఓడెక్కిస్తారు. పాపం ఆ దంపతులకి మనసు విప్పి మాట్లాడుకోడానికి ఎన్ని రీళ్ళు పట్టిందో గుర్తుందా?

నాకు మాత్రం గత జూన్‌లో ఆ భాగ్యం సొంతానుభవంగా దక్కింది. పక్కన హీరోయిన్ లేదు. అంతకన్నా ముఖ్యమైన మనిషి, మా ఆవిడ ఉంది!

ముందు ఫ్లాష్‌బ్యాక్ కొంచెం చెప్పాలి. మా పెళ్ళయి ఆరేళ్ళు. అందులో ఒకే కప్పు కింద ఉన్నది రెండున్నరేళ్ళు. ఆమె నర్సు. ఇంగ్లండులో ఓ ఆస్పత్రిలో మూడేళ్ళ ఒప్పందం మీద వెళ్ళింది. నేను హైదరాబాదులో సినిమాల మీద రాసుకుంటూ బతికే మనిషిని. ఇప్పుడు ఆ ఒప్పందం అయిపోవస్తోంది. ఉంటారా, వెళ్తారా అని ఆస్పత్రివాళ్ళు ఉత్తరం పంపారు. జవాబు చెప్పడానికి గడువు సరిగ్గా ఎనిమిది రోజులు.

ఈలోగా న్యూజెర్సీలో మా బావమరిది గృహప్రవేశం వచ్చిపడింది. విమానంలో ఎనిమిది గంటల పని! కానీ మా ఆవిడ ఓవర్‌టైమ్ డబ్బు దాచి ఓడ టిక్కెట్లు కొనేసింది. ఏమిటీ పిచ్చి అంటే, "ఫోన్లో అయితే మీరు 'సిగ్నల్ లేదు' అంటారు. ఓడలో ఎక్కడికీ పోలేరుగా!" అంది. ఏడు రాత్రుల ప్రయాణం. ఈ సమస్య తేలేదాకా ఇద్దరం ఓడ దిగకూడదన్నమాట!

రేవులో రుమాళ్ళు ఊపేవాళ్ళేరీ?

మేం ఎక్కిన ఓడ 'క్వీన్ మేరీ 2'. ఫ్రాన్సులోని సేంట్ నజేర్‌లో కట్టారు. తొలి ప్రయాణం 2004 జనవరిలో. పొడవు 345 మీటర్లు. టైటానిక్ 269 మీటర్లే! విహారానికి కట్టిన ఓడలు వేరు, అట్లాంటిక్ ఈదడానికి కట్టిన ఓడలు వేరు. ఇది రెండో జాతిది. సౌతాంప్టన్, న్యూయార్కుల మధ్య వేళ తప్పకుండా తిరిగే ప్రయాణికుల ఓడ ఇవాళ ఇదొక్కటే.

సౌతాంప్టన్ అంటే ఏ ఊరనుకున్నారు? 1912 ఏప్రిల్ 10న టైటానిక్ బయల్దేరింది ఆ ఊరినుంచే. అన్నట్టు, ఆ సినిమా గురించి ఓ తమాషా చెప్పనా? జేమ్స్ కామెరాన్ మెక్సికో సముద్రపు ఒడ్డున ఓడ సెట్టు వేయించినప్పుడు కుడి పక్క మాత్రమే పూర్తిగా కట్టించాడు. కాని సౌతాంప్టన్ రేవులో అసలు ఓడ ఆనుకున్నది ఎడమ పక్కన! ఏం చేశాడు? బోర్డుల మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగరాయించాడు. దుస్తులు కూడా తిరగేసి కుట్టించాడు. తీసిన షాట్లని తర్వాత కుడి ఎడమలు మార్చేశాడు. తెర మీద అంతా సవ్యంగా కనిపించింది! మళ్ళీ చూసేటప్పుడు ఆ రేవు సీను జాగ్రత్తగా గమనించండి.

నేను ఊహించుకున్నది ఆ సీనే. బ్యాండు మేళం, రంగు కాగితాలు, కన్నీళ్ళు, రుమాళ్ళు. నిజానికి అదంతా విమానాశ్రయం వరసే. క్యూ, తనిఖీ, పాస్‌పోర్టు, వీసా, ఫోటో. పెట్టెలకి చీటీలు కట్టి పోర్టర్లకి అప్పగించేస్తే సాయంత్రానికి అవే మన గది గుమ్మం ముందు ప్రత్యక్షమవుతాయి. చేతికో కార్డు ఇస్తారు. తాళం చెవీ అదే, పర్సూ అదే.

ఎక్కే దారిలో ఓ ఫోటోగ్రాఫర్ నిలబడి జంటల్ని ఆపి మరీ తీస్తున్నాడు. "ఇంకొంచెం దగ్గరికి... ఇంకొంచెం..." మూడుసార్లన్నాడు! పదకొండు నెలల తర్వాత మేమిద్దరం కలిసి దిగిన మొదటి ఫోటో అది. అందులో పెళ్ళిచూపుల కొచ్చినవాళ్ళలా ఉన్నాం.

బాల్కనీ టిక్కెట్టు

గది చూసి నవ్వాగలేదు. మాది చవక గదుల్లో ఒకటి. కిటికీ ఉంది కాని, తెర తీస్తే సముద్రం లేదు. కింద ఓడ పెద్ద లాబీ! ఎర్ర తివాచీ మెట్లు, లిఫ్టులు, వచ్చేపోయే జనం. థియేటర్లో బాల్కనీ సీటు కొన్నట్టే ఉంది. నాకు చాలా నచ్చింది. మా ఆవిడ మాత్రం, "సముద్రం మీద ఏడు రోజులుండి మనుషుల్నే చూస్తామన్నమాట" అని నిట్టూర్చింది.

గది పొడవు ఎనిమిది అడుగులేస్తే అయిపోతుంది. ఒకరు పెట్టె తెరిస్తే రెండోవాళ్ళు మంచమెక్కాలి. ఇల్లయితే అలిగినవాళ్ళు వంటింట్లోకో, వీధిలోకో పోతారు. ఇక్కడ ఎక్కడికి పోతారు చెప్పండి?

నాలుగయ్యేసరికి గంట మోగింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అపాయం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్‌జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించే కసరత్తు అది. ఇది తమాషా కాదు. 2012 జనవరి 13న ఇటలీలో 'కోస్టా కంకార్డియా' రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కినవాళ్ళకి ఇంకా కసరత్తు జరగనే లేదు. ఆ దెబ్బతో నియమం బిగించారు. ఓడ కదలకముందుగాని, కదిలిన వెంటనేగాని ఇది జరిగి తీరాలి.

మా పక్కన ఓ ముసలాయన. చేతులు వణుకుతున్నాయి. పట్టీ ఎక్కడ దూర్చాలో తెలియక కంగారుపడుతున్నాడు. మా ఆవిడ రెండడుగుల్లో ఆయన దగ్గరకెళ్ళి, "నేను చూస్తానుండండి" అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పి, పట్టీ బిగించి, ఊపిరి బాగా ఆడుతోందా అని అడిగి, ఆయన భార్య చేయి పట్టుకుని కుర్చీలో కూచోబెట్టింది. ఆ తర్వాత ఇంకొకావిడ పిలిచింది. ఇంకొకాయన పిలిచాడు.

మూడేళ్ళుగా ఆమె ఉద్యోగం గురించి ఫోన్లో వింటూనే ఉన్నాను. ఇవాళ నైట్ డ్యూటీ, రేపు సెలవు, కాళ్ళు పీకుతున్నాయి... ఇవే నాకు తెలిసిన మాటలు. ఆమె పని చేస్తుంటే కళ్ళారా చూడడం అదే మొదటిసారి! తెనాలిలో మా అమ్మ దగ్గర తల దించుకు మాట్లాడే అమ్మాయేనా ఈమె అనిపించింది. గర్వంగా ఉంది. ఏమాట కామాటే చెప్పుకోవాలి, కొంచెం భయంగానూ ఉంది.

అయిదింటికి ఓడ కూత వేసింది. అబ్బ! పది మైళ్ళ దాకా వినపడుతుందట. ఆ కూతల్లో ఒకటి 1930ల నాటి పాత 'క్వీన్ మేరీ' నుంచి తెచ్చి బిగించినదే. రెయిలింగు పట్టుకుంటే అరచేతులు ఝుమ్మన్నాయి. ఊరు మెల్లగా వెనక్కి జరిగింది. వైట్ దీవి పక్కనుంచి పోతుంటే చిన్న పడవ ఒకటి వచ్చి, దారి చూపిన పైలట్‌ని దింపుకుపోయింది. తొమ్మిది దాటినా వెలుతురే, జూన్ కదా!

ఓడ ముక్కు కొసన చేతులు చాచి నిలబడదామనుకునే కుర్రకారుకి ఒక మనవి. ఆ కొసకి ప్రయాణికుల్ని పోనివ్వరు!

మీరుండేదెక్కడ?

రాత్రి భోజనానికి పట్టుచీర కట్టింది. ఆరుగురి బల్ల. చుట్టూ చూస్తే తలలన్నీ నెరిసినవే. ఓడ నిండా కుర్ర జంటలుంటారనుకుంటే అది సినిమావాళ్ళ చలవ. వడ్డించే గోవా కుర్రాడు మమ్మల్ని చూసి అడక్కుండానే పచ్చిమిరపకాయలు తెచ్చిపెట్టాడు, చల్లగా ఉండాలి!

ఎదుటి పెద్దావిడ మర్యాదకి అడిగింది: "మీరుండేదెక్కడ?"

"హైదరాబాద్" అన్నాను. సరిగ్గా అదే క్షణాన మా ఆవిడ, "ఇక్కడే, సౌతాంప్టన్ దగ్గర" అంది.

బల్ల దగ్గర అందరూ నవ్వారు. మేం నవ్వలేదు.

తర్వాత 'క్వీన్స్ రూమ్'లో డాన్సు. సముద్రం మీద ఇంత పెద్ద డాన్సు హాలు మరొకటి లేదంటారు. డెబ్భై ఏళ్ళవాళ్ళు వాల్ట్జ్ అడుగులేస్తుంటే కాసేపు చూసి ఏడో డెక్కు మీదికొచ్చాం. అక్కడ మూడు చుట్లు తిరిగితే మైలు పైచిలుకు. మేం ఎన్ని తిరిగామో లెక్కలేదు. ఫోన్లలో సిగ్నల్ పోయింది. నేలలో సన్నటి వణుకు, కింద నల్లటి నీళ్ళు, మొహాన ఉప్పుగాలి. కడుపు తిప్పకుండా ఆమె ఇచ్చిన మాత్ర పనిచేసినట్టే ఉంది.

"నాకక్కడ బాగుందండీ. డబ్బు కోసమే కాదు" అంది, మూడో చుట్టులో అనుకుంటాను.

"అక్కడ కూచుని తెలుగు సినిమాల మీద నేనేం రాస్తాను?" అన్నాను.

"ఆ మాట నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు."

పోట్లాడుకున్నాం కూడా. గొంతు పెంచకుండా పోట్లాడడం ఎలాగో ఓడ నేర్పుతుంది, పక్కనే జనం నడుస్తుంటారుగా!

గదికొచ్చేసరికి మంచం మీద చీటీ. ఈ రాత్రి గడియారాలు గంట వెనక్కి తిప్పుకోవలెను. పడమటికి పోతున్నాం కదా! లండన్‌కీ న్యూయార్కుకీ తేడా అయిదు గంటలు. ఏడు రాత్రుల్లో అయిదు రాత్రులు గంట చొప్పున కలిసొస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇదే లెక్కన కోతపడుతుందట. రోజుకి పాతిక గంటలు! ఆమె నైట్ డ్యూటీలకీ, నా ప్రివ్యూ షోలకీ మధ్య ఏనాడూ దొరకని గంట అది. లాబీలో దీపాలు తగ్గాయి. కిటికీ తెర వేసి, ఒంటిగంటని పన్నెండు చేసి, మళ్ళీ మొదలెట్టాం. నిద్రపోయేసరికి మూడయింది. పాత లెక్కనో, కొత్త లెక్కనో నన్నడక్కండి.

చివరికేమైందని అడుగుతారు, తెలుసు. న్యూయార్కు చేరడానికి ముందురోజు ఆస్పత్రికి జవాబు వెళ్ళింది. మరో రెండేళ్ళు ఉండడానికి ఒప్పుకుంది. సంక్రాంతి సినిమాల హడావిడి అయిపోగానే నేనే అక్కడికి వెళ్తున్నాను, ఆరు నెలలపాటు. ఆ తర్వాతి ఆరు నెలల మాట ఇంకా తేలలేదు.