సొరచెట్టుపై జాలి, నగరంపై కోపం

తిరగడం మానేసిన గడియారాన్ని నాన్న చేతికి ఉండేదని దాచుకుంటాం. అమ్మ చదివిన చిరిగిన బైబిలు ముందు తోలు అట్ట వేసిన కొత్త బైబిలు వెలవెలబోతుంది. ప్రాణం లేని వస్తువుల మీద మనిషికి ఇంత మమకారం ఎందుకు?

మన వస్తువులు మన వ్యక్తిత్వంలో భాగమైపోతాయని రస్సెల్ బెల్క్ అనే పరిశోధకుడు 1988లో వివరించాడు. డేనియల్ కానమన్ తదితరులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులిచ్చారు. కాసేపటికే వాటిని అమ్మమంటే, కప్పు లేనివారు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు అడిగారు! 'నాది' అనుకోగానే విలువ పెరిగిపోయింది. తన చేతులతో బిగించుకున్న పెట్టెకు మనిషి ఎక్కువ వెల కడతాడని 2012లో మరో పరిశోధన తేల్చింది. తోటపని, వంట, పాట కూడా అంతే. శ్రమించిన చోటే మనసు అతుక్కుపోతుంది.

యోనా ప్రవక్త మాత్రం శ్రమించకుండానే ప్రేమించాడు. దేవుడు మొలిపించిన సొరచెట్టు నీడకు ఎంతో సంతోషించాడు. అది వాడిపోతే చావే మేలన్నాడు. లక్షా ఇరవై వేలమందికి పైగా ఉన్న నీనెవెను దేవుడు క్షమించినందుకు అంతకుముందే కోపగించుకున్నాడు కూడా! నాటని, పెంచని చెట్టు కోసం నీకింత బాధ ఉంటే, ఇంతమంది కోసం నాకు జాలి ఉండదా అని దేవుడు అడిగాడు (యోనా 4:10, 11). ఆ ప్రశ్నలో సృష్టికర్త మనసు కనిపిస్తుంది. తాను చేసిన మనుషులను ఆయన వదులుకోలేడు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు, ఆమె కుట్టిన అంగీలను విధవరాండ్రు పేతురుకు చూపించి ఏడ్చారు (అపొ. కార్య. 9:39). ఆ బట్టలు వారికి ఆమె ప్రేమను గుర్తుచేశాయి. యోనాకేమో సొరచెట్టు మనుషులనే మరిపించింది.

మన చర్చిల్లో తాతగారి పేరు రాయించిన ఫ్యాను మార్చారని ఆరాధన మానేసేవారున్నారు. తండ్రి కట్టిన ఇంటి గోడ కోసం మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే ప్రభురాత్రి భోజనంలో పాలుపొందుతున్నారు. ఆ తాత, ఆ తండ్రి చూస్తే సంతోషిస్తారా?

వస్తువులను ప్రేమించడం పాపం కాదు. అయితే మనకు ప్రియమైన వస్తువు మనల్ని ఎవరికి దగ్గర చేస్తోందో, ఎవరికి దూరం చేస్తోందో పరీక్షించుకోవాలి. దూరమైన సహోదరుడి ఇంటికి ఈ వారమే వెళ్దాం. అతడు కూడా దేవుని చేతిపనే!