రోజూ ఒకే రుచి... మిషన్ కాఫీ గుట్టు ఇదీ!

పెళ్లి భోజనాలయ్యాక ఓ మూల బుస్సుబుస్సుమంటూ ఆవిరి చిమ్మే పెద్ద మిషన్... దాని చుట్టూ మూగిన జనం... కప్పు నిండా నురగ, దాని మీద చిటికెడు కోకో పొడి! 1980, 90ల్లో మనకు ‘ఎక్స్‌ప్రెసో కాఫీ’ అంటే అదే. నిజానికి ఆ మిషన్ చేసేదల్లా పాలను ఆవిరితో నురగలెత్తించడమే. అందులోని కాఫీ మామూలు ఇన్‌స్టెంట్ పొడిదే.

అసలు సిసలు ఎస్ప్రెసో మిషన్ ఇప్పుడు మన వంటింటి గట్టు మీదికీ వచ్చేసింది. వేలకు వేలు పోసి కొంటున్నారు. మొదటి వారమంతా సంబరమే! ఆ తరువాతే మొదలవుతుంది చిక్కు. సోమవారం అమృతంలా ఉన్న కాఫీ మంగళవారం చింతపండు పులుసులా ఉంటుంది. బుధవారం కషాయమే! పొడి అదే, మిషన్ అదే, పెట్టిన చెయ్యీ అదే. “మిషన్ మంచిది కాదేమో” అని ఒకరంటే, “నీకింకా చెయ్యి తిరగలేదు” అని మరొకరు. నెల తిరిగేసరికి మిషన్ మీద గుడ్డ కప్పేసి, మళ్లీ పాత స్టీలు ఫిల్టర్‌నే కిందికి దింపుతారు.

తప్పు మిషన్‌దీ కాదు, మీ చేతిదీ కాదు. ఈ కాఫీకి కావలసింది చేతి మహిమ కాదు, లెక్క. ఆ లెక్క కుదిరితే రోజూ ఒకే రుచి వస్తుంది. అంతేకాదు, ఇంట్లో ఎవరు చేసినా వస్తుంది!

పాతిక సెకన్ల వంట

మన ఫిల్టర్‌లో నీళ్లు పొడిలోంచి వాటంతటవే నెమ్మదిగా దిగుతాయి. పావుగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. పొడి కాస్త బరకగా ఉన్నా, ఓ చెంచా అటూ ఇటూ అయినా డికాక్షన్ సర్దుకుపోతుంది. ఎస్ప్రెసో సంగతి అలా కాదు. వేడినీళ్లను గట్టి ఒత్తిడితో పొడిలోంచి తోసి, అర నిమిషంలోపే సారమంతా లాగేస్తుంది. సర్దుకునే వ్యవధి ఎక్కడిది?

ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి ఏంజెలో మోరియోండో 1884లో ఇలాంటి యంత్రానికి తొలి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయిజి బెజ్జెరా దాన్ని మెరుగుపరిచాడు. అప్పట్లో ఆవిరి ఒత్తిడే ఆధారం కాబట్టి కాఫీ మాడువాసన వేసేది. ఎకీల్లె గాజ్జియా తయారుచేసిన మీట యంత్రం 1948లో మార్కెట్లోకి వచ్చాకే పైన తేనెరంగు నురగ తేలే ఎస్ప్రెసో పుట్టింది. ఆ నురగనే ‘క్రెమా’ అంటారు.

ఒత్తిడి ఎంతంటే... మన ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఆవిరి ఒత్తిడి సుమారు ఒక బార్. ఎస్ప్రెసోకి కావలసింది 9 బార్‌లు! డబ్బా మీద ‘15 బార్’ అని ఉంటే అది పంపుకు ఉన్న పూర్తి శక్తి. అంకె పెద్దదైనంత మాత్రాన కాఫీ రుచి పెరగదు.

సగం గొడవ పొడిదే!

రుచి రోజుకో రకంగా ఉండడానికి మొదటి కారణం పొడి. ఫిల్టర్ కోసం కొన్న పొడి మిషన్‌కు మరీ బరక. నీళ్లు దానిలోంచి జారిపోతాయి. చికోరీ కలిసిన పొడితో అయితే లెక్కే కుదరదు. చికోరీ అన్నది ఒక వేరు పొడి. డికాక్షన్‌కు రంగు, చిక్కదనం ఇస్తుంది. మిషన్‌లో మాత్రం అడ్డుపడుతుంది. దాన్ని ఫిల్టర్‌కే ఉంచండి.

మిషన్‌కు గింజలే కొనండి. పాకెట్టు మీద ‘ఎప్పటిలోగా వాడాలి’ అన్నది కాదు, ‘ఎప్పుడు వేయించారు’ అన్నది చూడండి. వేయించిన గింజల్లో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది. మరీ కొత్తవైతే అది పొంగి నీటిదారను చెదరగొడుతుంది. వారం ఆగి మొదలుపెట్టి, నెలా నెలన్నరలోపు వాడేస్తే మేలు. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వేయించిన తేదీ వేసి అమ్మే అరకు గింజలు దొరికితే వాటితోనే మొదలుపెట్టొచ్చు.

మరి పొడి ఎలా? మిక్సీలో వెయ్యకండి. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది. కొంత పిండి, కొంత నూకలా తయారవుతుంది. పిండిలోంచి చేదు, నూకలోంచి పులుపు... రెండూ ఒకే కప్పులో! కావలసింది తిరగలిలాంటిది. రెండు రాళ్ల మధ్య సందును బట్టి పిండి ఒకే తీరుగా పడుతుంది కదా! ‘బర్ గ్రైండర్’ చేసేదీ అదే పని. రాళ్లకు బదులు ఉక్కు చక్రాలుంటాయి. చేత్తో తిప్పేవీ ఉన్నాయి. డబ్బు పరిమితంగా ఉంటే మిషన్ కాస్త చిన్నదైనా ఫర్వాలేదు, గ్రైండర్ మంచిది తీసుకోండి.

గ్రైండర్ కొనలేదా? తక్కువ ధర మిషన్లతో రెండు పొరల జల్లెడ గిన్నె ఇస్తారు. పైకి చూస్తే మామూలు జల్లెడే. అడుగుపొరకు మాత్రం ఒకే ఒక్క సన్న బెజ్జం ఉంటుంది. ఒత్తిడిని అదే పుట్టిస్తుంది. దుకాణంలో ఎస్ప్రెసోకని పట్టించిన పొడికి అది వాడండి. అద్భుతం కాకపోయినా రోజూ తాగదగ్గ కాఫీ వస్తుంది.

మూడు అంకెలు రాసుకోండి

చెంచాతో కొలిస్తే రోజుకో తీరు. గ్రాములో పదో వంతు కూడా చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. సెకన్లకు సెల్‌ఫోన్ ఉండనే ఉంది. ఇక గుర్తుంచుకోవలసినవి మూడే:

పొడి - 18 గ్రాములు.
కప్పులో పడిన కాఫీ - 36 గ్రాములు.
పట్టిన సమయం - మీట నొక్కినప్పటి నుంచి 25 నుంచి 30 సెకన్లు.

మీ మిషన్ గిన్నె చిన్నదైతే 14 గ్రాములతో 28 తీయండి. ఒకటికి రెండు అన్న లెక్క తప్పకపోతే చాలు. ఒకరికే కదా అని ఒక కప్పు జల్లెడ పెట్టకండి. అందులో పొడి తక్కువ కాబట్టి చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. రెండు కప్పుల జల్లెడతో తీసి, ఇద్దరూ పంచుకోవడం తేలిక.

పులుపా... చేదా?

కాఫీ తీశాక ముందు పాలు, పంచదార కలపకుండా ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి. ఏం చెయ్యాలో నాలుకే చెబుతుంది.

36 గ్రాములూ పదిహేను సెకన్లకే పడిపోయి, పల్చగా, నాలుక చివర చురుక్కుమనే పులుపుగా ఉందా? నీళ్లు సారం లాగకుండానే పారిపోయాయన్న మాట. పొడి ఇంకాస్త సన్నగా పట్టండి.

నలభై అయిదు సెకన్లు దాటినా చుక్కచుక్కగా కారుతూ, గొంతు పట్టేసే చేదుగా ఉందా? అక్కర్లేని సారం కూడా దిగింది. పొడి కొంచెం బరకగా పట్టండి.

సమయం సరిగ్గానే ఉన్నా ఇంకా పుల్లగా ఉంటే 36కు బదులు 40 గ్రాముల వరకూ రానివ్వండి. చేదుగా ఉంటే 32 దగ్గరే ఆపేయండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట... ఒకసారికి ఒక్కటే మార్చండి! పొడీ తగ్గించి, మరా మార్చి, నీళ్లూ పెంచితే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల పాడైందో ఎలా తెలుస్తుంది? కూరలో ఉప్పు, కారం, పులుపు మూడూ ఒకేసారి సరిదిద్దితే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా!

గ్రైండర్ సందు మార్చాక మొదట వచ్చే రెండు మూడు గ్రాముల పొడి పారెయ్యండి. లోపల చిక్కుకున్న పాత పొడి అది. ‘మార్చినా తేడా రాలేదే’ అని చాలామంది తికమకపడేది ఇక్కడే.

కుదిరిన లెక్క కూడా శాశ్వతం కాదు సుమా! గింజ పాతబడేకొద్దీ కాఫీ త్వరగా పడిపోతుంది. వారానికోసారి ఒక గీత సన్నం చెయ్యాల్సి రావచ్చు. వానాకాలం చెమ్మకు కూడా తేడా వస్తుంది. కొత్త పాకెట్టు తెరిస్తే మళ్లీ రెండు మూడు కప్పులు సరిచూసుకోవాల్సిందే.

సర్దడంలో ఉంది నేర్పు

నీటికి ఎప్పుడూ సుళువు దారే కావాలి. పొడిలో ఎక్కడైనా గుల్లగా ఉంటే నీళ్లన్నీ అటే దూరిపోతాయి. అక్కడ చేదు దిగుతుంది, మిగతా పొడి అలాగే ఉండిపోతుంది. కాబట్టి పొడి వేశాక సన్నటి సూదితో అడుగు దాకా కలిపి ఉండలు చిదపండి. గిన్నెను గట్టు మీద మెల్లగా తట్టి చదును చెయ్యండి. ఆపైన టాంపర్‌తో నిటారుగా అదమండి. బలమంతా ఉపయోగించనక్కర్లేదు. ఒకపక్కకు వాలకుండా ఉంటే చాలు.

తొందరలో చాలామంది మరిచిపోయేది మిషన్ వేడెక్కడం. దీపం వెలగ్గానే నీళ్లు కాగి ఉండొచ్చు, కానీ ఇనుప భాగాలు చల్లగానే ఉంటాయి. నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లటి లోహం తగిలితే ఆ వేడి కాస్తా పోయి కాఫీ పుల్లబడుతుంది. పెద్ద మిషనైతే పావుగంట, ఇరవై నిమిషాల ముందే స్విచ్చి వెయ్యండి. చిన్నదైతే పొడి లేకుండా పిడి బిగించి, ఒక కప్పు వేడినీళ్లు వదలండి. పొద్దుటి తొలి కాఫీ ఎందుకు బాగుండదో, రెండోది ఎందుకు బాగుంటుందో ఇప్పుడు అర్థమైంది కదూ!

ఒక జాగ్రత్త. కాఫీ పడుతుండగా, ఆగిన వెంటనే కూడా పిడి ఊడదీయకండి. లోపలి ఒత్తిడికి వేడి పిప్పి ముఖాన చిమ్ముతుంది. కొన్ని క్షణాలు ఆగి తియ్యండి. పిల్లలను దూరంగా ఉంచండి.

నీళ్లు, శుభ్రం

బోరునీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కట్టడం మనందరికీ తెలిసిందే. మిషన్ లోపలా అదే జరుగుతుంది. సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. అలాగని పూర్తిగా ఉప్పులు తీసేసిన నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది. ఉప్పదనం తక్కువగా ఉన్న తాగేనీళ్లు మేలు. తెల్లపొర వదిలించడానికి ఏ మందు, ఎన్నాళ్లకోసారి వాడాలో మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చూసే చెయ్యండి.

కాఫీ గింజలో నూనె ఉంటుంది. నిన్నటి జిడ్డు మీద ఇవాళ్టి కాఫీ పడితే పాత నూనె వాసన రాక ఏమవుతుంది? కాఫీ తీసిన ప్రతిసారీ పిప్పి దులిపి, కాసిని వేడినీళ్లు వదిలి, తడిగుడ్డతో తుడిచేస్తే సరి. ఆ పిప్పిని మొక్కల ఎరువులో కలిపెయ్యొచ్చు.

పాలు కలిపేవారికి కూడా ఒక చిట్కా. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టిన పాలు మీగడ తీసి వాడండి. చల్లటి పాలకు వేడెక్కేలోపు నురగ పట్టే వ్యవధి దొరుకుతుంది. 65 డిగ్రీల దగ్గర ఆపండి, అంటే గిన్నెను చేత్తో పట్టుకోలేనంత అయ్యేసరికి. ఆవిరి గొట్టాన్ని వెంటనే తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. పాలు ఎండితే గొట్టం పూడుకుంటుంది.

రుచి చూడండి... తాగెయ్యకండి!

లెక్క కుదిరేదాకా నాలుగైదు కప్పులు తీస్తాం. పారబొయ్యడానికి మనసొప్పక అన్నీ తాగేస్తే రాత్రికి నిద్ర ఉండదు. రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదనీ, భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ టీలు వద్దనీ భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించాయి. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా ఇవి అడ్డుకుంటాయి. రక్తహీనత ఉన్నవారు మరీ గుర్తుంచుకోవాలి. గర్భిణులు ఎంత తాగవచ్చో డాక్టరును అడగండి. రుచి చూడడానికి ఒక చెంచా చాలు!

గోడకు ఒక చీటీ

లెక్క కుదిరిన రోజున ఒక చీటీ మీద రాసి మిషన్ పక్కన అంటించండి. ఏ గింజలు, గ్రైండర్ ఏ గీత మీద ఉంది, ఎన్ని గ్రాముల పొడి, ఎన్ని గ్రాముల కాఫీ, ఎన్ని సెకన్లు... అయిదు ముక్కలు, అంతే.

“నీ చేతి కాఫీయే కావాలి” అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో, జ్వరం వచ్చిన రోజున కూడా మంచం దిగి పొయ్యి దగ్గరికి వెళ్లడం అంత కష్టంగా ఉంటుంది. చేతిలో ఉన్న రుచిని ఇంకొకరికి ఇవ్వలేం. కాగితం మీద ఉన్న రుచిని ఇవ్వొచ్చు. కాటా చూడడం, సెకన్లు లెక్కపెట్టడం శ్రీవారికీ వచ్చు, పదహారేళ్ల అబ్బాయికీ వచ్చు.

రేపు పొద్దున ఆ చీటీ వాళ్లకు చూపించి, మీరు పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చోండి. కాఫీ అదే వస్తుంది!