రుమైథియాకు వచ్చే ఫోన్లు: పదో తరగతి తర్వాత ఏ గ్రూపు?

ఏడాదికోసారి, మన ఊళ్ళలో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజుల్లో, రుమైథియా ఇళ్ళలో పనిచేసే తెలుగు ఆడవాళ్ళ ఫోన్లలో ఒకే ప్రశ్న: "అమ్మా, ఏ గ్రూపు తీసుకోమంటావు?" అడిగే బిడ్డ రాయచోటి వైపో రాజంపేట వైపో ఉంటుంది, లేదా గోదావరి జిల్లాలో అమ్మమ్మ దగ్గర. జవాబు చెప్పాల్సిన తల్లి సాల్మియా పక్కనున్న ఈ విల్లాల పేటలో ఇంకొకరి పిల్లలకు అన్నం పెడుతూ ఉంటుంది.

మారిషస్ పాఠకులకు స్కూల్ సర్టిఫికెట్‌కు సబ్జెక్టులు ఎంచుకునే తంటా తెలిసిందే. ఆంధ్రలో దాని పేరు గ్రూపు. లెక్కలుంటే ఎంపీసీ, జీవశాస్త్రమైతే బైపీసీ, వాణిజ్యమైతే సీఈసీ, ఎంఈసీ. పదిహేనేళ్ళ పిల్ల కొద్ది వారాల్లో తేల్చుకోవాలి.

తల్లి పక్కన ఎందుకు లేదని అడగవచ్చు. కువైట్‌లో ఇంటిపనికి ఇచ్చేది 20వ ఆర్టికల్ వీసా. దానిమీద వచ్చినవాళ్ళు పిల్లల్ని తెచ్చుకోలేరు. 2015లో ఇంటిపనివాళ్ళకు ప్రత్యేక చట్టం వచ్చింది, 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. మన ముత్తాతలు వేలిముద్ర వేసిన గిర్మిట్‌తో దీన్ని సమానం చెయ్యను, అది వేరే కాలం, వేరే క్రూరత్వం. కానీ చదువు లేకపోతే సముద్రం దాటే తీరే మారిపోతుందన్నది ఇప్పటికీ నిజం. 1983 నాటి భారత వలస చట్టం కింద, పదో తరగతి పాసుకాని వాళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కోవలోకి వస్తుంది. వాళ్ళు కువైట్‌కు పనికి రావాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి, ఇంటిపనికి వచ్చే ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలి. అంటే ఆ ఫోను చేసిన పిల్ల పది పాసైన రోజే చాలామంది తల్లులు దాటలేని గీత దాటేసింది. ఇక గ్రూపు సంగతి.

ఊళ్ళో ఈ నిర్ణయం ఎవరు చేస్తున్నారు? ఎక్కువగా ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు. "కువైట్ డబ్బులున్న ఇల్లు" అని తెలిస్తే వాళ్ళు గడప వదలరు. లెక్కలంటే వణికే పిల్లను ఎంపీసీలో వేసి హాస్టల్ ఫీజు కట్టించుకుంటారు. నెలల తరబడి దాచిన దినార్లు ఒక్క రసీదులో పోతాయి.

తల్లి ఫోనులో అడగాల్సింది "ఏది మంచి గ్రూపు?" అని కాదు, "ఇది తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుంది?" అని. సీఈసీలో చేరితే ఇంజనీరింగు, డాక్టరు చదువు రెండూ పోతాయి, సీఏ మాత్రం పోదు. సీఏకి ఏ గ్రూపైనా సరే. కువైట్ ఆసుపత్రుల్లో భారతీయ నర్సులను రోజూ చూసే తల్లులు కూతుర్ని నర్సు చెయ్యాలనుకోవడం సహజం. అక్కడ తేడా తెలియాలి: బీఎస్సీ నర్సింగుకు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలి. జీఎన్ఎం డిప్లొమాకు ఆర్ట్స్ చదివినవాళ్ళూ అర్హులే. బైపీసీలో చేరితే ఎంబీబీఎస్ ఒక్కటే గమ్యమని నూరిపోస్తారు గానీ, వ్యవసాయ డిగ్రీ, ఫార్మసీ, ల్యాబ్ కోర్సులు కూడా ఆ దారిలోనే ఉన్నాయి.

ఇంటర్‌కే పోవాలని కూడా లేదు. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేస్తే, ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోనే చేరవచ్చు. కడప వైపు పిల్లలకు ఇంటి దగ్గరే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో భాగమది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ చదువుకు తీసుకుంటారు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కూడా కలుపుతారు. పీఆర్వో దీని ఊసెత్తడు. ఎందుకెత్తుతాడు?

మన పాఠకుల్లో కువైట్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు చెయ్యగల సాయం చిన్నదే. శుక్రవారం సెలవు దొరికిన తల్లి పక్కన కూర్చుని, ఊళ్ళోని లెక్కల మాస్టారికో సైన్సు టీచరుకో ఫోను కలిపి ఇవ్వండి. అయిదేళ్ళుగా పిల్లను చూసిన మనిషి ఆయనే. మార్కులు కాదు, ఏ పాఠం ఎవరూ చెప్పకుండా తనంతట చదువుతుందో అడగమనండి. తర్వాత పిల్లతో విడిగా, అమ్మమ్మ వినకుండా, ఒకసారి మాట్లాడించండి.

డబ్బు పంపేముందు రసీదు ఫొటో తెప్పించుకోండి. అందులో గ్రూపు పేరు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాసి ఉండాలి. ఆ రెండో గడి ఖాళీగా ఉంటే డబ్బు పంపకుండా ఆపి, కాలేజీకి ఇంకో ఫోను చెయ్యమనండి.