నలుగు పెట్టిన గర్భచారలు పోవునా?

పెద్దలారా, నేడు నేను చెప్పబోవు విషయము ఆడవారి ముచ్చటగా మీకు తోపవచ్చును. కాని ఇంటిలో పెద్దల మాటయే చెల్లును గనుక దీనిని మీకే విన్నవించుచున్నాను.

మా పెద్దమ్మాయికి మా యింటనే తొలికాన్పు జరిగినది. పిదప కడుపుపై ఎఱ్ఱని చారలు మిగిలెను. సున్నిపిండితో నలుగుపెట్టి బీరపీచుతో గట్టిగా తోమినచో అవి పోవునని ఎవరో చెప్పగా, నెలదినములు అట్లే చేసిరి. చారలు పోలేదు, చర్మము రేగి పుండుపడినది. బిడ్డను ఒడిలోనికి తీసికొనుటకే ఆమె బాధపడెడిది. పెద్దవాడనై యుండియు నేను వలదనలేదు. ఆ తప్పిదమే నన్ను ఈ విషయము విచారించునట్లు చేసినది.

మన చర్మమున ముఖ్యముగా రెండు పొరలు కలవు. పై పొర మీది మృతకణములు ఎప్పటికప్పుడు రాలిపోవుచు, సుమారు నెలదినములలో క్రొత్తవి వచ్చును. నలుగు తొలగించునది ఈ మృతకణములను, మురికిని మాత్రమే. చారలు పుట్టునది క్రింది పొరలో. గర్భకాలమున కడుపు వేగముగా పెరుగుట చేతను, శరీరమందు కలుగు మార్పుల చేతను, ఆ పొరకు బిగువునిచ్చు నారలు తెగి చెదరును. గోడ బీటవారినప్పుడు పైసున్నము గీకినచో బీట పూడునా? ఇదియు నట్టిదే.

చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున వీనికి కిక్కిసమని పేరు. శిశువునకు వెండ్రుకలు మొలచుటచే ఏడవ నెలలో తల్లికి మంట పుట్టునని స్త్రీలనుకొందురనియు, అది నిజము కాదని ఆత్రేయుడు చెప్పెననియు అందు కలదు. చర్మము చీలి వికారము కాకుండుటకై గోకరాదని హెచ్చరికయు అందే యున్నది.

మరి చేయదగినదేమి? నూనె రాచి, మెత్తని పిండితో తేలికగా నలుగు పెట్టినచో చర్మము నునుపగును. చారలు మాత్రము మాయవు. ఎఱ్ఱని చారలు కాలక్రమమున తామే పాలిపోయి తెల్లబడును. అంతకు మించి కోరువారు చర్మవైద్యుని చూడవలెను. ట్రెటినాయిన్ లేపనము ఎఱ్ఱని క్రొత్త చారలపై కొంత పనిచేయును. ఆమ్లముతో పైపొర నొలిపించుట, సన్నని సూదులతో గ్రుచ్చుట, లేజరు కిరణములు అను చికిత్సలును కలవు. ఇవి చారలను తగ్గించునే గాని తుడిచివేయవు. ట్రెటినాయిన్ గర్భిణులు వాడరాదు. పాలిచ్చు తల్లులు వైద్యునడుగక వాడరాదు.

మఱియొక మాట. తామరకని అంగడిలో కొనిన స్టెరాయిడ్ లేపనమును గజ్జలలో నెలల తరబడి పూసినచో మగవారికిని ఇట్టి చారలే పడును. వైద్యుడు చెప్పక దానిని ముట్టకుడు.

గర్భచారలు రోగము కావు. వానివలన ప్రాణమునకు కీడు లేదు. కోడలి కడుపు చూచి వంక పెట్టుటయు తగదు. మీ యింట బాలింత చర్మము రేగునంతగా తోముట చూచినచో, ఆనాడు నేను పలుకని "వలదు" అను మాటను మీరు పలుకుడు. సెలవు.